సెలవు అడుగుట: మన కావ్యములలో రోగిపరిచర్య, ప్రయాణము

బాన్సువాడలో మాకొక మిత్రులు కలరు. ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. వారి ధర్మపత్నికి మూడేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు స్వాధీనము తప్పినవి, మాట పోయినది. నాటినుండి ఆమెకు స్నానము చేయించుట, అన్నము మెత్తగా కలిపి తినిపించుట, వేళకు మందిచ్చుట, రాత్రి రెండుమారులు లేచి ఆమెను ప్రక్కకు తిప్పి పండబెట్టుట అంతయు వారే చేయుచున్నారు. కడచిన వేసవిలో మేము ఆ యూరికి పోయినపుడు వారింట నొక చిన్న తగవు నడుచుచుండెను. పట్టణమునుండి వచ్చిన కుమార్తె తండ్రికి కాశీకి టికెట్టు తీసినది. "బాపూ, పది దినాలు పోయి రా, అమ్మను నేను సూస్కుంట" అని ఆమె మాట. "ఇప్పుడు వద్దు బిడ్డా" అని వీరి మాట. ఆమె కినుకతో లోనికి పోగా మిత్రులు మావైపు తిరిగి నవ్వుచు, "సెలవు ఎవర్ని అడగాలె, మీరు చెప్పుండ్రి" అనిరి.

మేము బదులు చెప్పలేకపోతిమి. కొంతసేపటికి వారే మరియొక మాట అనిరి. కౌశికుని భార్య కథను తాము తరగతిలో ముప్పదియేండ్లు చెప్పితిమనియు, ఆ యిల్లాలికి అలసట కలిగినదా యని తామొక్కనాడును తలపలేదనియు, ఏ విద్యార్థియు తమ్మడుగలేదనియు వారు చెప్పిరి. ఈ వ్యాసము ఆ రెండు మాటలనుండి పుట్టినది. మిత్రులు కాశీకి పోవలెనా వలదా యని నిర్ణయించుట మా పని కాదు. పోవుటకు వీలుండియు, తోడు కుదిరియు, మనసొప్పక నిలిచిపోవు స్థితి యొకటి కలదు. దానిని మన సాహిత్యము ఎట్లు చూచినది, మనము తరగతులలో ఎట్లు చూపుచున్నాము అనుటయే మా ప్రశ్న.

మొదట ఆ 'సెలవు' అను మాటనే చూతము. బ్రౌను 1852లో ప్రకటించిన నిఘంటువున దీనికి అనుజ్ఞ, ఆజ్ఞ, వ్యయము అను అర్థములు కానవచ్చును. పెద్దలు పలుకుటను 'సెలవిచ్చుట' యందుము. తమిళమున 'సెలవు' అనగా పోక, ప్రయాణము, ధనవ్యయమును అదియే. 'చెల్లు' అను మన క్రియకును దీనికిని ధాతువొకటేయని బరో, ఎమెనో పండితులు 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువువలన తెలియును. తెలుగున పోక యను అర్థము మరుగుపడి, పోవుటకిచ్చు అనుమతి యను అర్థము నిలిచినది. తరువాత బడులును కచేరీలును వచ్చి, పని లేని దినమునకు ఆ పేరే పెట్టినవి. అయినను పాత వ్యాకరణము దానిని విడువలేదు. సెలవు ఒకరు ఇత్తురు, ఒకరు పుచ్చుకొందురు. ఆంగ్లమున ఈ యర్థమిచ్చు మాట పుణ్యదినమను అర్థమునుండి వచ్చినది. దానికి దినమే చాలును, దాత యక్కరలేదు. నిజామాబాదు ప్రాంతపు వాడుకలో ఉర్దూ చలువవలన 'ఛుట్టీ' యను మాటయు కలదు. దాని యర్థము విడుదల. మా మిత్రులు ఛుట్టీ యనలేదు. వారు కోరినది విడుదల కాదు గనుక ఆ మాట వారి నోట రాలేదని మా తలంపు. వారు సెలవనిరి, ఇచ్చువారెవరని అడిగిరి. ఇచ్చవలసిన ఆమెకు నోట మాట లేదు.

మన యిండ్లలో గడప దాటువాడు 'పోతాను' అనడు. 'పోయి వస్తాను' అనును. లోపలివారు 'పోయి రా' అందురు. ఈ రెండు మాటలు కలిసిననే ప్రయాణము. రెండవ మాట లేనిచో మొదటి మాట గాలిలో నిలిచిపోవును. కుమార్తె టికెట్టు తీయగలిగినది కాని, ఆ రెండవ మాటను తల్లికి బదులుగా తాను పలుకలేకపోయినది.

ఈ నిలిచిపోవుటకు మన అలంకారశాస్త్రములో పేరు కలదా? ప్రవాసమునకు సంబంధించిన పరిభాష మనకు సమృద్ధిగా నున్నది. అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృక యొకతె. భర్త పోనున్నాడని తెలిసి పరితపించు నాయికను భానుదత్తుడు రసమంజరిలో తొమ్మిదవదానిగా చేర్చెను. విరహదశలను లెక్కించునపుడు వ్యాధి యొక దశ. గాథాసప్తశతిలో పోనున్న మగనిని చూచి చిక్కిపోవు ఇల్లాండ్రు ఎందరో కలరు. కాని వీనిలో ఎల్లను వరుస యొకటే: మొదట పోక, ఆ తరువాత వ్యాధి. పోయినవాడు తిరిగి వచ్చిన మందక్కరలేదు. రోగము మొదటిదై, దానివలన పోక ఆగిపోవు ఇల్లు శాస్త్రకారుల కంట పడలేదు. ప్రబంధములలో విరహతాపమునకు గంధము పూయుట, తామరాకులు పరచుట, కప్పురము చల్లుట మున్నగు శిశిరోపచారములు పుటలకొలది యుండును. వానిని చేయునది చెలికత్తెలు. ఆ చెలికత్తెలు ఎన్ని రాత్రులు మేలుకొనిరో లెక్క వ్రాసిన కవిని మేమింతవరకు చూడలేదు.

తమిళ లక్షణకారుడు ఇచట మనకంటె ఒక అడుగు ముందున్నాడు. తొల్కాప్పియము పొరుళధికారమున కర్పియలులో 'సెలవు' నడుమ ఆగిపోవుటను గూర్చి ఒక సూత్రము కలదు. ధనార్జనకై పోనున్న నాయకుడు నాయిక వేదనను చూచి ఆగును. ఈ ఆగుట పోకను మానుకొనుట కాదనియు, ఆమెకు ఊరట కల్పించుటకై చేసిన విరామమనియు ఆ సూత్రభావము. అకము పాటలలో పాలైత్తిణైయందు నాయకుడు తన మనస్సుతో తాను వాదించుకొను సందర్భములకు ఇదియే ఆధారము. మాకీ సూత్రము మిక్కిలి విలువైనదిగా తోచినది. ఏలనన, వెనుకాడుటను పిరికితనముగా గాని, త్యాగముగా గాని ఇది లెక్కింపలేదు. దానిని ఒక పలుకుగా లెక్కించినది. ఆగినవాడు ఏమియు అనకయే ఎదుటివారికి ఏదో చెప్పుచున్నాడు. మాట లేని ఇంట ఇట్టి పలుకునకు ఎంత పని కలదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కౌశికుని కథ. ఇది మార్కండేయపురాణములోనిది. పురాణానువాదములలో మొదటిదిగా పేరొందిన తెలుగు మార్కండేయపురాణమును రచించి మారన దానిని కాకతీయ ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చెను. ప్రతిష్ఠానపురమున కౌశికుడను బ్రాహ్మణుడు కుష్ఠరోగి. ప్రతిష్ఠానము లెన్నియో కలవు. ఇది గోదావరి తీరపు పైఠానయైనచో, బాన్సువాడ ప్రక్కన పారు మంజీర కందకుర్తి వద్ద కలిసికొను నీరు ఆ యూరి మీదుగా వచ్చినదే యగును. పురాణము తేల్చి చెప్పలేదు గనుక మేమును తేల్చము. ఆ భార్య అతని పుండ్లు కడుగును, శ్లేష్మమును మలమును ఎత్తును, ఒడలు పిసుకును, మంచి మాట పలుకును. అతడు ఆమెను నిత్యము కసరుచునే యుండును. రోగి కోపమును ఇంత నిర్మొగమాటముగ చెప్పిన చోటు మన పురాణములలో అరుదు. ఒకనాడతడు వీథిలో పోవు వేశ్యను చూచి, నన్నామె యింటికి కొనిపొమ్మనును. ఆమె కొంత ధనము మూట గట్టుకొని, మబ్బు కమ్మిన రాత్రి అతనిని భుజముపై ఎత్తుకొని బయలుదేరును. త్రోవలో కొరతపై నున్న మాండవ్యమునికి కౌశికుని కాలు తగులును. తన్ను కదల్చినవాడు సూర్యోదయమున మరణించునని ముని శపించును. సూర్యుడు ఉదయింపకుండును గాక అని ఆమె యనును, అట్లే యగును. దేవతలు అనసూయను ప్రార్థింతురు. ఆమె వచ్చి ఈ యిల్లాలిని ఒప్పింపగా తెల్లవారును, కౌశికుడు పడిపోవును, అనసూయ మహిమచే రోగము లేని యువకుడై లేచును.

ఈ కథను పాతివ్రత్య మాహాత్మ్యముగా చెప్పుట మన సంప్రదాయము. అది తప్పని మేమనము. పురాణకర్త ఉద్దేశము అదియే. కాని కథలో నున్నది అంతయు ఆ ఉద్దేశములో ఇమిడిపోయినదా? ఆమె జీవితమున ఇల్లు విడిచి బయటికి పోయిన రాత్రి కథలో నొకటే కలదు. అదియు రోగి కోరికపై, రోగిని మోయుచు, రోగి సుఖమునకై. దానికి ఆమె సెలవడుగలేదు, ఆజ్ఞయే సెలవైనది. ఆజ్ఞ, అనుజ్ఞ రెండును ఒక్క మాటకే అర్థములగుట ఇచట ఎంత కఠినముగ నిజమైనదో గమనింపవలెను. అనసూయ ఆమెను చూడగనే మొదట అడిగిన ప్రశ్నయు గమనింపదగినది: భర్త ముఖము చూచి సంతోషముగా నున్నావు గదా యని. నీ భుజము నొచ్చినదా యని కాదు. లోకమంతయు పది రాత్రులంత కాలము చీకటిలో నున్నను, ఆ చీకటిలో ఆమె నిద్రపోయినదో లేదో పురాణము చెప్పలేదు. ఆమెకు లభించిన ఫలము భర్త ఆరోగ్యము. అది గొప్ప ఫలమే. అయితే రోగము కుదిరిన గాని పరిచారికకు విశ్రాంతి లేదనునది కూడ ఆ ఫలములో దాగియున్న తీర్పు. కుదురని రోగములున్న ఇండ్లకు ఆ తీర్పు ఏమి చెప్పును?

మరియొక చిక్కు కలదు. రోగియైన భర్తను సేవించిన స్త్రీకి పతివ్రతయని పేరున్నది. రోగియైన భార్యను సేవించు పురుషునకు మన భాషలో పేరు లేదు. 'ఏకపత్నీవ్రతుడు' అన్నచో అది వేరు సంగతి. అందు అన్యస్త్రీవిముఖత కలదు గాని అన్నము కలిపి తినిపించుట లేదు. మా మిత్రులను ఊరివారు మెచ్చుకొనుచున్నారు. మెచ్చుకొనుటకు మాట దొరకక, "ఆడదాని లెక్క చేస్తున్నడు" అందురట. ఆ మెప్పులో గౌరవమెంత, ఎగతాళి యెంత యని వారే మాతో చెప్పి నవ్విరి. ఆడుదానికి ఆ పని స్వభావమనియు, మగవానికి అది విశేషమనియు తలచు లోకమునకు కౌశికుని కథ మనము బోధించిన తీరుననే అందినది.

మారన గ్రంథముననే మరియొక కథ కలదు. అల్లసాని పెద్దన దానిని గైకొని మనుచరిత్రము చేసెను. ప్రవరుని కథను ఇచట విస్తరింపము. చదువరులకు అది కరతలామలకము. యాత్రికులను చూచినంతనే ఎదురేగి, వారు తిరిగిన దేశముల సంగతులడుగు ఆ గృహస్థు సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసికొని మంచుకొండకు పోయెను. ఇంట చెప్పిపోయినట్లు లేదు. పసరు కరగి త్రోవ తప్పినపుడు అతడు తండ్రిని, తల్లిని, భార్యను, శిష్యులను వరుసగా తలచుకొని, తాను కానరాకున్న వారెట్లున్నారో యని వగచును. వరూధినితో నడచిన వాదమును మన విమర్శకులు శృంగారము, ధర్మము అను రెండు తక్కెడలలో తూచినారు. మాకు తోచునదేమనగా, ప్రవరుని అసలు లోపము కొండకు పోవుట కాదు. చూడవలెనని కుతూహలపడుట దోషమైనచో పెద్దన హిమవంతమును అంత యందముగ వర్ణింపడు. సెలవు పుచ్చుకొనకుండ పోవుటయే లోపము. అందుచేతనే అతడు చూచిన అందములన్నియు అతనికి మధ్యాహ్నమునకే భయములైనవి. ప్రవరుని ఇంట రోగి లేడు. అయినను సెలవు లేని విహారము ఎట్లుండునో అతనివలన తెలిసినది.

సెలవడిగిన వారొకరు మన భారతమున కలరు. సావిత్రి. ఈ ఉపాఖ్యానము ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషమున నున్నది. దీనిని పతిప్రాణరక్షణ కథగా, యమునితో నడచిన సంవాదముగా చదువుదుము. యముడు రాకముందు నడచిన చిన్న సన్నివేశమును తరగతులలో త్వరగా దాటిపోవుదుము. మా ప్రశ్నకు ఆ సన్నివేశమే ముఖ్యము.

సత్యవంతునికి ఏడాదియే ఆయువని నారదుడు చెప్పియున్నాడు. ఆ సంగతి ఇంట నెవరికిని తెలియదు. సావిత్రి కొక్కతెకే తెలియును. రోగి తాను రోగినని యెఱుగడు. మూడు రాత్రు లుపవసించి నాలవనాడు, భర్త గొడ్డలి భుజమున నిడుకొని అడవికి పోవుచుండగా తానును వత్తుననును. నీవెన్నడును అడవికి రాలేదు, త్రోవ కష్టము, ఉపవాసమున చిక్కియున్నావు అని అతడనును. నాకు అలసట లేదనును ఆమె. అట్లయిన తలిదండ్రుల అనుమతి గొనుము, నాకు దోషమంటకుండ నుండవలెనని అతని మాట. ఆమె అత్తమామలకడకు పోయి ఏమి చెప్పినది? భర్తకు ఆపద యున్నదని చెప్పలేదు. ఆశ్రమమునుండి అడుగు వెడలి ఇంచుమించు ఏడాదియైనది, పూచిన అడవిని చూడవలెనని వేడుకగా నున్నదని చెప్పినది. ద్యుమత్సేనుడు, ఈమె కోడలై వచ్చిన నాటినుండి ఏదియైన అడిగినట్లు నాకు జ్ఞప్తి లేదు, ఈ కోరిక నెరవేరుగాక అని సెలవిచ్చెను.

ఇచట వ్యాసుని సూక్ష్మదృష్టికి మేము నమస్కరింపకుండ లేము. పరిచర్య చేయుటకు వీలుగా ఆమె విహారమును అడిగినది. మామూలు ఇండ్లలో సేవ నెపముతో విహారము మానుకొందురు. ఇచట విహారము నెపముతో సేవ. ఏడాదిలో ఆమె అడిగిన మొదటి కోరిక అదియే యని మామగారి నోట చెప్పించుటవలన, ఆ యేడాది ఆమె ఎట్లు గడపినదో ఒక్క మాటలో తెలిసిపోయినది. దీనికి ఎదురుగ ఉత్తరకాండలో మరియొక విహారము కలదు. గర్భవతియైన సీత ముని ఆశ్రమములు చూడగోరినది. ఆ కోరికనే నెపముగా గొని ఆమెను విడిచిపుచ్చిరి. ఒక యింట విహారపు నెపము రక్షణమునకు పనికివచ్చినది, మరియొక యింట పరిత్యాగమునకు. పరిశోధక విద్యార్థులెవరైన ఈ రెండు నెపములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మంచి వ్యాసము కాగలదు.

అడవిలో సత్యవంతుడు పుణ్యనదులను, పూచిన చెట్లను చూపి చూడుమనును. ఆమె నవ్వుచు బదులు చెప్పుచు, అతనినే కనిపెట్టుచుండును. హృదయమును రెండుగా చేసికొని, ఒకదానితో బదులు పలుకుచు రెండవదానితో ఆ గడియకై ఎదురుచూచుచు నడచినదని సంస్కృత మూలమున చెప్పబడినది. రోగిపరిచారకుల విహారమును గూర్చి ఇంతకంటె నిక్కమైన మాట మేమెక్కడను చదువలేదు. పూలను చూడలేదని కాదు, చూచినది. సగము హృదయముతో చూచినది. మా మిత్రులు మాతో అన్న మాటయు ఇట్టిదే: కాశీకి పోయినను ఘాట్టు మెట్లమీద కూర్చుండి ఇక్కడి గడియారమునే చూచుచుందును గదా, రెండు గంటలాయె మందు వేళ, నాలుగాయె ప్రక్క మార్చు వేళ అని. వెనుకాడుట కోరిక లేకపోవుట కాదని దీనివలన తెలియును. వారికి కాశీ చూడవలెనని చిన్ననాటినుండి యున్నది. కాని సగము హృదయముతో చూచుట వారికి ఇష్టము లేదు.

సావిత్రి తిరుగు ప్రయాణమునకును కౌశికుని భార్య ప్రయాణమునకును ఒక పోలిక కలదు. రెండును రాత్రులే; రెంటను భర్త బరువు భార్య భుజముపైననే. సావిత్రి పండ్ల బుట్టను కొమ్మకు తగిలించి, గొడ్డలిని తాను పట్టుకొని, భర్త చేతిని తన ఎడమ భుజముపై వేసికొని నడిపించినది. బుట్టను రేపు తీసికొనవచ్చును. ఈ చిన్న పని మాకెంతయు నచ్చినది. మోయవలసిన దానిని మోయుటకై మరియొకదానిని కొమ్మకు తగిలించిన ఇల్లాలామె. కౌశికుని భార్య బరువులో నించుకయు దింపుకొనలేదు; దింపుకొనుటకు కథ ఆమెకు తావీయలేదు. మహిమ ఎక్కువ మొదటి కథలో నున్నది. మనుష్యత్వము ఎక్కువ రెండవ కథలో నున్నదని మా తీర్పు. పాఠ్యగ్రంథములు కూర్చువారు ఈ భేదమును గమనింపవలెను. పతివ్రతల పట్టికలో ఇద్దరి పేర్లును ఒకటిగా వ్రాసి, లక్షణములు వ్రాయుడని ప్రశ్నించుట చాలకాలముగా జరుగుచున్నది. ఆ ప్రశ్నకు వ్రాసిన సమాధానములను దిద్దినవారిలో మేమును ఉన్నాము.

మేము బయలుదేరు దినమున మిత్రుల భార్య మంచముకడకు పోయి, "పోయి వస్తమమ్మా" అంటిమి. ఆమె ఎడమచేతిని దుప్పటిపై కొంచెము ఎత్తినది. అది ఆశీస్సో, నిలువుడనుటయో మాకు తెలియలేదు. మిత్రులు ఆ చేతినే చూచుచుండిరి.

టికెట్టు తేదీ దాటిపోయినది. అయినను కుమార్తె అన్నమాట తప్పక ఆ పది దినములును ఇంటనే యుండి తల్లిని చూచుకొన్నదట. మిత్రులు పది రాత్రులు అరుగుమీద నిద్రపోయిరి. ఒక ఉదయమున మంజీర ఒడ్డుకు నడచి పోయి ఎండ ముదురకముందే తిరిగి వచ్చిరి. ఈ సంగతులు వారు ఫోనులో చెప్పుచుండగా, పోవునపుడు అమ్మగారితో చెప్పితిరా యని మేమడిగితిమి. "చెప్పిన. చెప్పి కొంచెంసేపు అక్కడనే నిలబడ్డ" అనిరి.